మోత కింద గొంతు

పెళ్ళయి నలభై రోజులే అయిన వందనకు తర్లుపాడులో ఏది చూసినా ముద్దొచ్చేది. చల్లారిపోయిన టీని కూడా మొగుడు కృపావరం ఊదుకుంటూ తాగే తీరు, వంటింటి గూట్లో కాపురం పెట్టిన పిచ్చుక, కొత్త ప్రెషర్ కుక్కర్ మూడో కూతకు ఒక్కసారిగా అదిరిపడే అత్తగారి పిల్లి. వీటన్నిటికంటే ముద్దొచ్చింది మాత్రం మొగుడి పాత ల్యాప్‌టాప్‌లో ఉన్న ఆరు పాటలు.

ఆ పాటలు ‘పలకపొడి’ అనే బ్యాండువి. బ్యాండంటే ముగ్గురే. కృపావరం పెద్దమ్మ కొడుకు ప్రభుదాస్ పాడి గిటారు వాయించేవాడు, కృపావరం రెండో గిటారు, హరికృష్ణ డ్రమ్ములు. ప్రభుదాస్ పలకల మిల్లులో రాయి కోసే మిషను మీద పని చేసేవాడు. ఆదివారం మిల్లు ఆగుతుంది కాబట్టి, చర్చి కాగానే ముగ్గురూ ఆ రేకుల షెడ్డులో చేరేవాళ్ళు. గోడలకు గోనెసంచులు కట్టి, గిటారు స్పీకరును ఖాళీ నీళ్ళతొట్టిలో దించి రికార్డు చేశారు. తొట్టిలోంచి ఆ శబ్దం వందమంది వాయించినట్టు వచ్చేది.

"దీన్ని షూగేజ్ అంటారు. వాయించేటోళ్ళు జనాన్ని చూడకుండా బూట్లు చూసుకుంటా వాయిస్తారు," అని కృపావరం చెప్పాడు.

"మీకు బూట్లు ఉన్నాయా?"

"యాడియి? చెప్పులు చూసుకున్నాం."

వందన పడీపడీ నవ్వింది. గిద్దలూరులో డిగ్రీ చదివేటప్పుడు హాస్టల్లో ఇలాంటివి చాలానే వింది. ఎక్కడో చల్లటి దేశాల కుర్రాళ్ళు ముప్పై ఏళ్ళ కిందట వాయించి వదిలేసిన మోతనే వీళ్ళు ఎత్తుకొచ్చారని మొదటి పాటకే పట్టేసింది. అయినా బాగుంది. అరువు చీర కట్టుకుని పెళ్ళికి పోయినా మనిషి కళగా ఉండకపోతుందా? గొంతు మాత్రం గిటార్ల కింద ఎక్కడో కూరుకుపోయి, మాట ఒక్కటీ తెలిసేది కాదు.

ప్రభుదాస్ పోయి ఏడాది కావస్తోంది. ఊపిరితిత్తుల నిండా రాతిపొడి అన్నారు. జబ్బు బయటపడిన ఆరు నెలలకే పోయాడు. వచ్చే ఆదివారం జ్ఞాపకార్థ కూడిక. ఆ సంఘంలో ఆ రోజు ఏ పాట కావాలో పోయినవాళ్ళ తల్లి లేచి అడగాలి, తల్లి లేకపోతే ఇంటి పెద్దకోడలు.

మంగళవారం ప్రభుదాస్ తల్లి ఎలీషబా వచ్చి గుమ్మంలోనే కూర్చుంది. ఆమెది బటన్ల ఫోను. కొడుకు ఫొటోలు గోడకున్నాయి గానీ గొంతు ఎక్కడా మిగల్లేదు.

"కిరపా, వాని పాట పెట్టించాలని ఉంది నాయనా. ఆ మోత తీసెయ్. వాని గొంతు ఒక్కటి ఇనాల నేను."

కృపావరం తల వంచుకున్నాడు. "రాదు పెద్దమ్మా. అంతా కలిపే రికార్డు చేసినాం. గొంతు విడిగా లేదు."

"మర్సిపోతన్నా కిరపా. మొకం గుర్తుంది. గొంతు పోతాంది."

ఎలీషబా కాసేపు కూర్చుని, వందన ఇచ్చిన టీ సగం తాగి వెళ్ళిపోయింది.

శుక్రవారం పొద్దున కృపావరం మార్కాపురం పోయాడు. పెళ్ళి ఫొటోలు వెతుకుతూ వందన ల్యాప్‌టాప్‌లో ఉన్నవన్నీ తెరిచింది. ఒక ఫోల్డరులో పాట ముక్కలు విడివిడిగా ఉన్నాయి: రెండో గిటారు, డ్రమ్ము, వాటి కింద ‘వాయిస్’. నొక్కింది. గిటారు లేదు, తొట్టి మోత లేదు. చెవి పక్కనే నిలబడి పాడుతున్నట్టు ఒక మగ గొంతు.

*తలుపు వెయ్యమాకమ్మా, కాళ్ళు కడుక్కొనే వస్తా...*

వందన శబ్దం పెంచింది. కృపావరం మర్చిపోయి ఉంటాడనుకుంది. తువ్వాలు ఎక్కడుందో తెలియని మనిషికి మూడేళ్ళ కిందటి రికార్డింగు ఏం గుర్తుంటుంది! మొదటి చరణం అవగానే ఇక ఆగలేకపోయింది. పాటను ఫోనులోకి ఎక్కించుకుని, చెప్పులు కూడా వేసుకోకుండా రెండు సందులు దాటి పరుగెత్తింది.

ఎలీషబా వరండాలో చాటలో కందులు ఏరుతోంది.

"అత్తమ్మా, చాట కింద పెట్టు. కండ్లు మూసుకో."

"ఏందమ్మే, కొత్త పెండ్లికూతురా, నాతో ఆటలా?"

వందన ఫోను ఆమె చెవి దగ్గర పెట్టింది. ఎలీషబా చేతులు కందుల్లోనే ఆగిపోయాయి.

"కాళ్ళు కడుక్కోందే లోపలికి రావొద్దనేదాన్ని," అంది చాలా మెల్లగా. "పొడి ఇల్లంతా పడ్తాదని. దాన్ని పాట కట్టినాడా?"

వందన కళ్ళు తుడుచుకుంటూ నవ్వింది. రెండో చరణం మొదలైంది. సగంలో గొంతు తెగింది. తర్వాత దగ్గు. మామూలు దగ్గు కాదు, తెరలు తెరలుగా, లోపల ఏదో గీరుకుంటున్నట్టు. ఆపుదామని వందన చెయ్యి చాపింది. ఎలీషబా ఆ చెయ్యి పట్టుకుంది.

దగ్గు తగ్గాక ఫోనులో కృపావరం గొంతు: "పోయిన నెల కంటే ఎక్కువైంది. డాక్టరుకు చూపిద్దాం పా అన్నా."

ప్రభుదాస్ గొంతు: "ఇంటికి స్లాబు పడనీ రా. దీని మీద గిటారు గట్టిగా పెట్టు. మా అమ్మ ఇంటాది."

రికార్డింగు అక్కడితో ఆగింది.

"ఇది ఎప్పటిది?" అంది ఎలీషబా.

వందన అబద్ధం చెప్పాలనుకుంది. ఫైలు మీద చూసిన తేదీయే నోటికొచ్చింది. "రెండువేల ఇరవై ఒకటి, ఆగస్టు."

"ఆ నెల పది రోజులు పనికి పోకుండా ఇంట్లో కూసున్నాడు." ఎలీషబా చాటలోకే చూస్తోంది. "బద్దకం అనుకున్నా. పాటలు కూడు పెడ్తాయా అని తిట్టి, క్యారేజీ చేతికిచ్చి మిల్లుకు నేనే పంపినా." తల ఎత్తి వరండా స్లాబు వంక చూసింది. తర్వాత మళ్ళీ కందులు ఏరడం మొదలుపెట్టింది. రాళ్ళు ఏరి పారేస్తోందో కందులు పారేస్తోందో ఆమెకే తెలియడం లేదు.

సాయంత్రం కృపావరం రాగానే వందన జరిగింది చెప్పింది. అతను తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండుననుకుంది.

"లేదని ఎందుకు చెప్పినావు?"

"పెద్దమ్మకు చెప్పనని అన్న నాతో బైబిలు మీద ఒట్టు పెట్టించుకున్నాడు. దగ్గు ఇనపడకుండా గిటారు పెంచినా. హరికృష్ణ ఇని, అన్నా ఇది భలే ఉంది, అన్నీ ఇట్లనే చేద్దాం అన్నాడు." కృపావరం ల్యాప్‌టాప్ మూసేశాడు. "నేను ఆరోజే పెద్దమ్మకు చెప్పుంటే, మిల్లు మాన్పించేది."

వందన అతనికి టీ పెట్టి తెచ్చింది. అతను ఊదుకోకుండానే తాగేశాడు.

ఆదివారం చర్చి నిండింది. పాస్టరుగారు ఏ పాటమ్మా అని అడిగితే ఎలీషబా లేచి నిలబడింది. వందన ఒళ్ళోని ఫోనును గట్టిగా పట్టుకుంది. గొంతు ఒక్కటే ఉన్న పాట తన ఫోనులో ఇంకా అలాగే ఉంది.

"మోత ఉండేదే పెట్టు కిరపా," అంది ఎలీషబా. "వాడు ఎట్ల కావాలన్నాడో అట్లనే."

చర్చి స్పీకర్లలో గిటార్లు ఒక్కసారిగా లేచాయి. ముందు వరుసలో పెద్దయ్య చెవి ఒగ్గి, "మైకు బాగలేదా ఏంది? మాట ఒక్కటీ తెలియడంల్యా," అని పక్కవాణ్ణి అడిగాడు. ఎవరో పిల్లలు తాళం వేస్తూ ఊగుతున్నారు. కృపావరం తన పాదాలనే చూసుకుంటూ నిలబడ్డాడు.

రెండో చరణం సగంలో గిటారు ఉప్పెనలా పెరిగింది. అక్కడ ఏముందో ఆ చర్చిలో ముగ్గురికే తెలుసు. వందన వెనక్కి తిరిగి చూసింది. మళ్ళీ చాప మీద కూర్చున్న ఎలీషబా తన పక్కనున్న ఖాళీ చోటు మీదికి చెయ్యి చాపి, దగ్గేవాడి వీపు నిమిరినట్టు పైకీ కిందికీ నిమురుతోంది. గిటారు తగ్గేదాకా ఆ చెయ్యి ఆగలేదు.