సీతాఫలం వాసన

మా రుచిత మీద నాకు మొదటినుంచీ ఒకటే ఫిర్యాదు. ఆ పిల్లకు అబద్ధం చెప్పడం రాదు. ఆడపిల్లకు కుట్టుపని రాకపోయినా నడుస్తుంది, వంట రాకపోయినా ఈ రోజుల్లో ఎవరూ అడగరు. ఇంటికొచ్చిన చుట్టాల ముందు నోరు మూసుకోవడమైనా రావాలి కదా. అయిదేళ్ళప్పుడు మా పెద్దమ్మ వస్తే గుమ్మం దాకా ఎదురెళ్ళి, "అమ్మకు తలకాయ నొస్తలేదు అమ్మమ్మా, నువ్వొస్తున్నవని పండుకున్నది" అని స్వాగతం పలికింది. పంచాయతీ ఎన్నికలప్పుడు మా ఆయన ప్రభాకర్ ఒకాయనకు మాట ఇచ్చి ఇంకొకాయన వెంట తిరుగుతుంటే, ఆ మొదటాయనకు మంచినీళ్ళతో పాటు ఆ సంగతీ అందించింది. దంతాలపల్లిలో ఎరువుల దుకాణం పెట్టుకుని, పక్కన కొంచెం రాజకీయం కూడా చేసుకునే మనిషికి ఇలాంటి బిడ్డ ఏం కలిసొస్తుంది?

రుచిత అని పేరు పెట్టింది నేనే. పేరులో రుచి ఉన్న ఆ పిల్లకు తొమ్మిదో ఏట షుగర్ వచ్చింది.

ముందు చెంబులకు చెంబులు నీళ్ళు తాగింది. తరువాత పక్క తడిపింది. గౌను భుజాల మీద నిలవడం మానేసింది. నేను కడుపులో పురుగులనుకుని మాత్ర మింగించాను. నెల తిరగకముందే బడిలో పడిపోయింది. మానుకోటలో పిల్లల డాక్టరమ్మ కూర్చోబెట్టి చెప్పింది: "ఇది పెద్దవాళ్ళకు వచ్చే షుగర్ కాదమ్మా. ఒంట్లో ఇన్సులిన్ తయారవడమే ఆగిపోయింది. తీపి తిన్నందుకు వచ్చింది కాదు, తీపి మానేస్తే పోయేదీ కాదు. రోజూ నాలుగు సూదులు. బతికినంత కాలం."

ఊళ్ళో ఈ మాట ఎవరికీ ఎక్కలేదు. "పిల్లలకు షుగరేంది?" అని అడిగినవాళ్ళే, "మీ ఇంట్ల తీపి మస్తు తింటరా?" అని కూడా అడిగారు. నేను జనగామ కాలేజీలో బాటనీ చదివాను కాబట్టి మా వీధిలో సైన్సు నా శాఖ. ఒక్కొక్కరికీ ఓపికగా విడమరచి చెప్పేదాన్ని. ప్రభాకర్ మాత్రం "బయట ఎవ్వలకు చెప్పకుండ్రి" అన్నాడు. రుచిత మర్నాడే బడికి సూది తీసుకుపోయి తరగతి మొత్తానికి చూపించి వచ్చింది.

రెండేళ్ళు అలా గడిచాయి. పొట్ట మీద, తొడల మీద చోటు మార్చి మార్చి పొడిచేదాన్ని. "ఇయ్యాల ఎడమ దిక్కమ్మా" అని తనే గుర్తు చేసేది. నేనేదో గెలిచినట్టే ఉండేది.

పోయిన బతుకమ్మకు కాటారం నుంచి మా ఆడబిడ్డ ప్రమీల ఇద్దరు పిల్లలతో వచ్చింది. ఇంటినిండా మనుషులైతే ఫ్రిజ్ నిండా గిన్నెలవుతాయి. పాలు, పెరుగు, నానబోసినవి, రుబ్బినవి. ఫ్రిజ్ తలుపు అరలో ఉండే ఇన్సులిన్ డబ్బా చిన్నపిల్లల చేతికి అందుతుందని తీసి, పైన ఐసు గడ్డల అర కింద భద్రంగా పెట్టాను. గిన్నెలు ఎక్కువయ్యాయి కదా అని చల్లదనం పెంచే మర చివరిదాకా తిప్పాను. తెల్లారి సీసా తీస్తే అరచేయి జిల్లుమంది, లోపల మంచు పలుకుల్లాంటివి కనిపించాయి. చల్లగా ఉంచమన్నారు, బాగా చల్లగానే ఉంది అనుకున్నాను. రెండు చేతుల మధ్య రుద్ది, కరిగాక, సూదిలోకి ఎక్కించి పిల్లకు పొడిచాను. ఆ రోజు నుంచి రోజూ అంతే.

మూడో రోజు పొద్దున షుగర్ చూసే మిషన్ మీద మూడు వందలు దాటింది.

"ఏం తిన్నవే?"

"ఏం తినలేదమ్మా. నువ్వు పెట్టిందే."

మందు కొంచెం పెంచాను. సాయంత్రానికి ఇంకా పెరిగింది. ఇంట్లో సత్తుపిండి ముద్దలున్నాయి, నువ్వుల ముద్దలున్నాయి, రొట్టె బెల్లం కలిపి చేసిన మలీద ఉంది. డబ్బాలన్నీ అటక మీదికి ఎక్కించాను. పిల్ల బడిసంచి దులిపాను. దిండు కింద చూశాను. ఏమీ దొరకలేదు. దొరకకపోవడం నాకు ఇంకా పెద్ద రుజువులా తోచింది.

"తినకుంటె గాల్లకెళ్ళి వస్తదా షుగరు?" అన్నాడు ప్రభాకర్.

"పిల్లలన్నంక తింటరు వదినా," అంది ప్రమీల. "గని అబద్ధమెందుకు ఆడాలె? గది తప్పు."

అయిదో రోజు పొద్దున జడ వేస్తుంటే రుచిత ఏదో అడగడానికి నా వైపు తిరిగింది. నోట్లోంచి వాసన కొట్టింది. తియ్యగా, కొంచెం పులిసినట్టు, బాగా మగ్గిన సీతాఫలం వాసన.

మా ఇంట్లో అంట్లు తోమే సుక్కి తండా నుంచి వస్తుంది. పండ్ల కాలంలో గుట్ట మీద కోసిన సీతాఫలాలు గంపకెత్తుకుని వచ్చి, మా పని అయ్యాక బస్టాండు దగ్గర అమ్ముకునేది. ఆ గంప మా వెనక గుమ్మం దగ్గరే దించేది. ఇంకేం కావాలి?

"నోరు తెరువు."

తెరిచింది. మళ్ళీ అదే వాసన.

"ఎన్ని తిన్నవ్?"

"ఏందమ్మా?"

"సీతాఫలాలు."

"తినలే. నీ మీదొట్టు."

"నోట్లకెళ్ళి వాసనొస్తంది గదనే!"

"నాకు తెల్వదమ్మా. తినలే."

హాల్లో నిలబెట్టాను. గంటసేపు. ప్రమీల పిల్లలు తలుపు చాటు నుంచి చూస్తున్నారు. మధ్యలో రుచిత నీళ్ళడిగింది. "నిజం చెప్పినంక తాగు" అన్నాను. గోడకు ఆనుకుంది. నిలబడమన్నాను. మళ్ళీ నీళ్ళడిగింది. నేను అదే మాట అన్నాను.

"తిన్న," అంది.

"ఎన్ని?"

నా మొహంలోకి చూసింది, ఎన్నంటే సరిపోతుందో అక్కడ రాసి ఉన్నట్టు. "రెండు."

"రెండేనా?"

"నాలుగు."

"ఎవరిచ్చిండ్రు?"

వెనక గుమ్మం వైపు చూసింది. "సుక్కత్త."

అప్పుడు నీళ్ళిచ్చాను. రెండు చెంబులు ఆపకుండా తాగింది. నిజం చెప్పించానన్న తృప్తితో ఆ పూట నేను కడుపునిండా తిన్నాను.

సుక్కి గిన్నెలు తోముతుండగానే అడిగాను. చేతులకు సబ్బు నురగతోనే లేచి నిలబడింది.

"నేనెందుకిస్తనమ్మా? పిల్లకు సూదులేస్తరని నాకెర్కలేదా?"

"పిల్లనే చెప్పింది."

సుక్కి రుచిత వైపు తిరిగింది. "ఔనా బిడ్డా? నేనిచ్చిన్నా?"

రుచిత నేల చూస్తూ తలూపింది. సుక్కి కోపగిస్తుందనుకున్నాను. చేతులు కడుక్కుని, "పిల్ల పెదాలు ఎండిపోయినయమ్మా. జర దవాఖానకు తోల్కపోండ్రి" అంది. రేపటినుంచి రావద్దన్నాను. గంప ఎత్తుకుని వెళ్ళిపోయింది.

సుక్కి చెప్పిన మాట నేను ప్రభాకర్‌తో అన్నాను కూడా. "సద్దుల బతుకమ్మ అయినంక పోదం" అన్నాడు. సరే అన్నాను. తిన్నది అరిగితే అదే దిగుతుందనుకున్నాను. దిగలేదు. అడిగినప్పుడల్లా రుచిత ఇప్పుడు తడుముకోకుండా ఒప్పుకునేది. నువ్వుల ముద్ద తిన్నానంది. మలీద తిన్నానంది. అటక ఎలా ఎక్కావని ఎవరూ అడగలేదు.

పండుగ ఆఖరున సద్దుల రోజు అందరూ పట్టుచీరలు కట్టుకుంటుంటే రుచిత వాంతి చేసుకుంది. కడుపునొప్పి అంది. "మంచిగైంది, ఇంక తిను" అన్నాను. ఈ మాట నేనే అన్నాను. మధ్యాహ్నానికి మంచం మీద పడుకుని, పరుగెత్తి వచ్చిన మనిషిలా ఊపిరి తీస్తోంది. గది మొత్తం సీతాఫలం వాసన. "రుచీ" అని పిలిస్తే కళ్ళు తెరిచి, నన్ను దాటి ఎటో చూసింది.

మానుకోటకు పోతూ కారు నర్సింహులపేట దాటేసరికి పిల్ల పలకడం మానేసింది.

డాక్టరమ్మ పిల్ల మొహం దగ్గరికి వంగి, వెంటనే తలెత్తింది. "ఎన్ని రోజుల నుంచి ఈ వాసన?"

"సీతాఫలాలు తిన్నది మేడం. దొంగతనంగా."

"ఇది పండు వాసన కాదమ్మా. ఒంట్లో ఇన్సులిన్ లేకపోతే చక్కెర వాడుకోలేక ఒళ్ళు కొవ్వును కరిగించుకుంటుంది. అప్పుడొచ్చే వాసన ఇది. సూదులు మానేశారా?"

"లేదు మేడం. ఒక్క పూట గూడ తప్పలే. నేనే ఇచ్చిన."

మందు తెచ్చారా అంది. చేతిసంచిలోంచి తీసిచ్చాను. వెలుతురుకు ఎత్తిపట్టి చూసింది. "ఎక్కడ పెడుతున్నారు?"

"ఫ్రిజ్‌ల."

"ఫ్రిజ్‌లో ఎక్కడ? ఐసు దగ్గరైతే గడ్డకడుతుంది. ఒకసారి గడ్డకట్టి కరిగిందంటే ఇక అది మందు కాదు. నీళ్ళు పొడిచినట్టే."

అరచేతుల మధ్య నేను రుద్దిన సీసా. ఏడు రోజులు, రోజుకు నాలుగు సార్లు. బాటనీ చదివినదాన్ని కాబట్టి లెక్క త్వరగానే అర్థమైంది. పక్కన ప్రభాకర్ నా వైపే చూస్తున్నాడు. రోజుకు పదిసార్లు ఫ్రిజ్ తెరుస్తాడే గానీ, లోపల ఏది ఎక్కడుందో ఆయనకు ఎన్నడూ తెలియదు.

"తలుపు అరల మేడం," అన్నాను. "ఎప్పుడు గాడనే పెడ్త."

"అయితే కొన్నచోటే పాడై ఉంటుంది," అని డాక్టరమ్మ లోపలికి పరుగెత్తింది.

పిల్లను అద్దాల గదిలో పెట్టారు. బయట బల్ల మీద మేమిద్దరం. ప్రభాకర్ రెండు రోజులు ఫోన్ దింపలేదు. ఒకసారి మందుల దుకాణం మీద అరిచాడు. చుట్టాలకు మాత్రం సీతాఫలాల కథే చెప్పాడు, అది చెప్పడం సులువు. "తండ దాన్ని ఊకె ఇడువ. పిల్ల లేవనీ, దాని సంగతి చూస్త" అంటుంటే నేను పక్కనే ఉన్నాను. రెండుసార్లు నోరు తెరిచాను. ఒకసారి "నీళ్ళు తాగుతవా?" అన్నాను. ఇంకోసారి అదీ అనలేదు. పిల్ల లేచాక చెబుదాం అనుకున్నాను. ఒకవేళ లేవకపోతే ఎవరికీ చెప్పక్కర్లేదన్న ఆలోచన కూడా వచ్చింది. నా తలలోకే వచ్చింది, ఇంకెవరి తలలోకో కాదు.

మూడో రోజు పొద్దున డాక్టరమ్మ పిలిచింది. "కళ్ళు తెరిచింది. కానీ మెదడు వాచిందమ్మా. కుడిచెయ్యి లేవడం లేదు. మాట నెమ్మదిగా వస్తోంది. ఎంతవరకు తిరిగొస్తాయో ఇప్పుడే చెప్పలేను. పూర్తిగా వస్తాయని మాత్రం అనుకోకండి."

లోపలికి వెళ్ళాను. ఆ మంచం మీద పిల్ల ఇంకా చిన్నదైపోయింది. నన్ను చూసి నవ్వలేదు. పెదాలు కదిపింది. వంగాను.

"అమ్మా." ఒక్కో మాటా ఎక్కడో వెతికి తెచ్చుకుంటున్నట్టుంది. "సుక్కత్త... ఇయ్యలే. నేనే... తీస్కొని తిన్న. డాడీకి చెప్పు... ఆమెను ఏమనొద్దని."

"నువ్వు తినలే బిడ్డా."

కళ్ళలో బెదురు కనిపించింది. ఇది కూడా అడగడమే అనుకుంది. "తిన్న," అంది తొందరగా. "నాలుగు తిన్న... అమ్మా. ఇగ తినను."

"తినలే. నువ్వు ఒక్కటి గూడ తినలే!"

గట్టిగా అరిచినట్టున్నాను. నర్సు తిరిగి చూసింది. డాక్టరమ్మ రాస్తున్నది ఆపింది. తలుపు తోసుకుని ప్రభాకర్ వచ్చాడు. "ఏమైందే? ఏమంటంది పిల్ల?"

రుచిత ఎడమచేయి పట్టుకున్నాను. ఆ చేయి పట్టుకుని ఆయన వైపు తిరిగాను.

"సుక్కి ఏమియ్యలే. ఇది ఏం తినలే. మందుల దుకాణపాయన తప్పు గూడ లేదు. మందు డబ్బ తీసి ఐసు అర కింద పెట్టింది నేను. గడ్డకట్టింది చూసిన, చేతులల్ల రుద్ది కరగబెట్టి అదే పొడిసిన. పిల్ల తినలే తినలే అని మొత్తుకుంటె నీళ్ళియ్యకుంట నిలబెట్టి, తిన్న అనిపిచ్చింది నేనే. డాక్టరమ్మా, రాసుకోండ్రి. నాదే తప్పు."