వీధి తొక్కని పాదం

సుభాషిణి ప్రార్థనా మందిరం గడప మీద ఎవరూ చూడకుండా పక్కకు తిరిగి కూర్చుని బూటు విప్పింది. పోలియోతో చచ్చుబడిన కుడికాలికి తొడ నుంచి మడమ దాకా ఇనప కడ్డీలు, కాలిపర్ అంటారు. అవి దిగేది ఆ తోలు బూటులోకే. బూటు లేనిదే కాలిపర్ నిలవదు, కాలిపర్ లేనిదే ఆమె నిలవదు. అయినా చెప్పులతో గుడికైనా మసీదుకైనా మందిరానికైనా ఎవరు పోతారు? చేతుల మీద పాక్కుంటూ వెళ్తుంటే, లోపలున్న బాలవాడి పిల్లలు గుర్రమనుకుని వీపెక్కారు.

సంఘపెద్ద అంతోని నెత్తి పట్టుకున్నాడు. "దేవదాసు మాస్టారూ, పిల్లకి ఈ బాలవాడి టీచరు పని ఇప్పిద్దామనే నాకూ ఉంది. సోమవారం ఆఫీసరమ్మ చూడ్డానికి వచ్చిద్ది. పాకే టీచరేందయ్యా అంటే ఏం చెప్పేది? పోనీ బూటుతో రానిచ్చానా, రేపు పేటంతా చెప్పులతోనే వచ్చిద్ది."

దేవదాసు కూతుర్ని సైకిలు వెనక కూర్చోబెట్టుకుని ఇంటికి తెచ్చాడు. ఇంటర్ పాసైనప్పటి నుంచీ కిటికీ దగ్గరే కూర్చునే పిల్లకు ఇది దొరకబోయే మొదటి పని. ఇది పోతే మళ్ళీ ఆ కిటికీయే.

బూటు లేకుండా కుదురుతుందా అని అడిగితే, కాలిపర్ ఇచ్చిన డాక్టరు కసిరాడు. "బూటు తీసి వాడమని ఎవరన్నారు? పాడుచేస్తే ఇంకోటి రాదు."

దేవదాసు తనే ఒక ఉపాయం పన్నాడు. భార్య పోయాక సూదీదారం అలవాటైన చేతులతో, పాత దుప్పటి కోసి, బూటు నేల తాకకుండా దానికి గలీబు కుట్టాడు. తీరా మందిరంలో నున్నటి నాపరాళ్ళ మీద ఆ గుడ్డ జారింది. సుభాషిణి బోర్లా పడింది. గడ్డం చిట్లింది. అంతోని భార్య పిచ్చమ్మ కొంగుతో రక్తం తుడిచి, పసుపు అద్దింది. దేవదాసు గలీబు ఊడదీసి చంకలో పెట్టుకున్నాడు.

"ఇంకాస్త గరుకు గుడ్డ వేద్దామమ్మా" అన్నాడు ఇంటికొచ్చాక.

"నాకేం కావాలో ఒక్కసారన్నా అడిగావా నాన్నా?"

అతను బిత్తరపోయాడు. ఆమె గోడవైపు తిరిగి చెప్పింది. "కూర్చోవాలంటే మోకాలి దగ్గరున్న రింగు పైకి లాగి కాలు మడవాలి. అది మళ్ళీ కిందికి దిగితేనే నిలబడగలను. చీర తొడదాకా ఎత్తితే గాని చెయ్యందదు. అందుకే నలుగుర్లో కూర్చోను. కాలేజీలో వెనక గోడకానుకుని నిలబడే చదివా. అమ్మ ఉంటే చెప్పేదాన్ని."

దేవదాసు పీట లాక్కుని దగ్గరగా కూర్చున్నాడు.

"ఇప్పుడడుగుతున్నా. చెప్పు తల్లీ."

మర్నాడు ఇద్దరూ సైకిళ్ళు బాగుచేసే జిలానీ కొట్టుకు వెళ్ళారు. రింగుకు నడుం దాకా తాడు కావాలంది సుభాషిణి. కడ్డీలు బూటులోంచి ఊడొచ్చి ఇంకో పాదంలో దిగాలంది. చెక్క పాదం, కింద టైరు ముక్క. "అది మందిరంలోనే ఉంటది. వీధి తొక్కనిది చెప్పెట్లా అవుద్ది?"

"సైకిలుకి స్టెప్నీ అడిగినోణ్ణే చూళ్ళా, కాలికి స్టెప్నీయా!" అని నవ్విన జిలానీ బూటు తిరగేసి చూసి నవ్వాపేశాడు. "కడ్డీల్ని బూటుకు బిగించిన రివిట్లు కోస్తే మళ్ళా పాత తీరు రాదు మాస్టారూ. కుదర్లేదంటే ఉన్నదీ పోయిద్ది."

దేవదాసు కూతురివైపు తిరిగాడు.

"కొయ్యన్నా" అంది సుభాషిణి.

సోమవారం అంతోని ఆ చెక్కపాదం అడుగున అరచేత్తో రాసి, దుమ్ము లేదని చూసుకుని గడప లోపల పెట్టాడు. కడ్డీలు దాంట్లో దింపుకుని సుభాషిణి లోపలికి నడిచింది. ఆఫీసరమ్మ ఎదుట కొంగు చాటున తాడు లాగి, పిల్లల మధ్య కూర్చుంది. నలుగుర్లో ఆమె కూర్చోవడం దేవదాసు అప్పుడే చూశాడు.

లేవబోతే రింగు దిగలేదు. మోకాలు మడుచుకుపోయి కూలబడింది. మళ్ళీ లేచింది, మళ్ళీ పడింది. ఆఫీసరమ్మ గడియారం చూసుకుంది. లోపలికి అడుగేయబోయిన తండ్రిని సుభాషిణి చెయ్యెత్తి ఆపింది. గోడ పట్టుకుని లేచి, చీర మీదినుంచే మోకాలి పైన గట్టిగా చరిచింది. టక్కుమని దిగింది.

"నెల రోజులు చూద్దాం" అంది ఆఫీసరమ్మ. అంతే అని వెళ్ళిపోయింది.

దేవదాసు గడప బయటే కూర్చున్నాడు. లోపల సుభాషిణి కాలిపర్ తాడు ముడి విప్పి, రింగు తేలిగ్గా దిగేట్టు మరోరకంగా వేస్తోంది.