బేరాలరాయుడు సలహా అడిగాడు

వీధిలో అందరూ ఆయన్ని బేరాలరాయుడు అంటారు. ఎదురుగానే అంటారు, ఆయనా కాదనడు. పాత ఫర్నిచర్ కొట్టు నడిపేవాడికి అంతకంటే పెద్ద బిరుదేముంటుందని మురిసిపోతాడు. డాక్టరు పూటకి రెండు మాత్రలు రాస్తే "ఒకటిన్నరకి రాదా అండీ" అని అడిగిన మనిషి. ఆ సంగతి కూడా ఆయనే పదిమందికీ చెప్పి, వాళ్ళకంటే ముందు తనే నవ్వుతాడు. తనమీద తాను జోకులేసుకోవడంలో మాత్రం ఎప్పుడూ పిసినారితనం చూపించలేదు.

అలాంటి మనిషికి ఇప్పుడు నిజంగానే ఒకటి కావాల్సి వచ్చింది. భార్యని మేడమీంచి కిందికి దింపాలి.

కింద కొట్టు, పైన ఇల్లు. పెళ్ళైన దగ్గర్నుంచీ కౌంటర్ దగ్గర కూర్చున్నది ఆవిడే. ఈయన బేరాలతో విసిగించి పంపేసిన గిరాకీని గుమ్మం దాటకముందే వెనక్కి పిలిచి, కూర్చోబెట్టి, కబుర్లు చెప్పి అమ్మింది ఆవిడే. పక్షవాతం వచ్చి ఎడమ చెయ్యి పట్టు పోయింది, ఎడమ కాలు కాస్త ఈడుస్తుంది. ఆస్పత్రి నుంచి వచ్చినరోజు మెల్లగా మెట్లెక్కింది. అంతే, ఇన్ని నెలలైనా మళ్ళీ దిగలేదు. పైన చెక్క నేలమీద కుర్చీ వేసుకుని, పలకల సందుల్లోంచి వచ్చే కొట్టు మాటలు వింటూ కూర్చుంటుంది. ఆ కుర్చీని చూసినప్పుడల్లా ఆయన ఏడవడం చేతకాక జోకులేస్తాడు.

ఆ కట్టడమేమో తాతలనాటిది, ఊళ్ళో కాపాడుకోవాల్సిన పాత కట్టడాల్లో ఒకటి. గోడకి మేకు కొట్టాలన్నా అనుమతి కావాలి. అందుకే కట్టడాల ఆఫీసువాళ్ళు, పని మొదలుపెట్టకముందే, ప్లాను గీయించకముందే వచ్చి అడగమంటారు. మీకేం కావాలో చెప్పండి, ఏది కుదురుతుందో ఏది కుదరదో మేం చెప్తాం అంటారు. అదీ ఉచితంగా. ఉచితం అన్నమాట వినగానే మనవాడికి అనుమానం పట్టుకుంది. ఇందులో ఏదో తిరకాసు ఉందనుకున్నాడు.

ఆయన మనసులో ఉన్నది ఒక్కటే. కొట్టుకీ, వెనక సామాన్ల గదికీ మధ్యనున్న గోడలో ఒక గుమ్మం. ఆ గదిలో మంచం వేస్తే ఆవిడ కిందే ఉండొచ్చు, కౌంటర్ దగ్గరికి రావొచ్చు. అయితే గుమ్మం అడిగితే కిటికీ ఇస్తారు, లోకం తీరే అంత! కాబట్టి గోడ మొత్తం అడగాలి. దానికి తోడు వీధివైపు నిలువెత్తు అద్దాలు, లోపల లిఫ్టు, పైన ఇంకో అంతస్తు. కోసెయ్యడానికి వాళ్ళకీ ఏదో ఒకటి దొరకాలిగా అని, చివర్లో పైకప్పుమీద బుల్లి బురుజు కూడా కలిపాడు. ఆ బురుజు తట్టినరోజు తన తెలివికి తనే భుజం తట్టుకున్నాడు.

ఆయన వెళ్ళి అడిగితే, ఆఫీసునుంచి ఒక మేడమ్ కొట్టు చూడ్డానికి వచ్చింది. చిన్న వయసు, చేతిలో టార్చి. గోడలు తడిమింది, దూలాలు చూసింది, స్టూలుమీద కూర్చుని, "చెప్పండి, మీకేం కావాలి?" అంది.

ఆయన గొంతు సవరించుకుని మొదలుపెట్టాడు.

"అద్దాలు కుదరవండీ," అందామె. ఆయనకి లోపల సంబరం.

"ఇంకో అంతస్తు అసలు కుదరదు." ఇంకా సంబరం. దారిలోకొస్తోంది అనుకున్నాడు.

"లిఫ్టుకి ఈ దూలాలు కోయాలి, కుదరదు. గోడ తీస్తే పైకప్పు కూలుతుంది. బురుజు..." ఆమె ఆయన మొహంలోకి చూసింది. "బురుజు దేనికండీ?"

ఆయన పైకప్పు వంక చూశాడు.

"ఇవన్నీ పెట్టి దరఖాస్తు చేయకండి. ఒక్కటి కూడా రాదు," అని ఆమె లేచింది.

"అదేంటి మేడమ్! అయితే మీరు ఎంతలో తేలుస్తారు?"

"తేల్చడమేంటి? మీరడిగారు, నేను జవాబు చెప్పాను."

"పోనీ, సగం గోడ?"

"నేను బేరానికి రాలేదండీ."

ఆయనకి తల కొట్టేసినట్టయింది. అవతలివాళ్ళు లేచి వెళ్ళిపోతుంటే వెనక్కి పిలవడం ఆయనకి రాదు. ఆ పని చేసే మనిషి పైన కూర్చుని ఉంది. మేడమ్ వీధివాకిలి దాకా వెళ్ళింది. ఇక గోడలో గుమ్మం మాట కూడా ఎత్తలేక బిక్కమొహం వేసుకుని నిలబడ్డాడు.

అప్పుడు పైన చెక్కమీద చేతికర్ర టకటకమంది.

"ఏవండీ! అద్దాలడిగారు, అంతస్తు అడిగారు, ఇంకా ఏదో బురుజు కూడా అడిగారు. అందులో నా ఊసు ఒక్కసారీ రాలేదేంటి?"

"అన్నీ నీకోసమేనే!"

"బురుజు కూడానా?"

మేడమ్ ఆగింది. "పైన ఎవరండీ?"

"మా ఆవిడండీ. మెట్లు ఎక్కగలదు, దిగలేదు."

ఆమె ఆయన్ని ఎగాదిగా చూసి, ఇంకేం అడక్కుండా పైకి వెళ్ళింది. ఆయన వెనకే నడిచాడు.

"అమ్మా, మీకేం కావాలి?"

"ఈ మెట్లకి రెయిలింగ్ ఒకవైపే ఉందమ్మా. ఎక్కేటప్పుడు కుడిచేతికొస్తుంది, ఎక్కేస్తా. దిగేటప్పుడు ఎడమచేతికొస్తుంది, ఆ చెయ్యి పట్టదు. ఇటు గోడకి కూడా ఒకటుంటే చాలు, నేను దిగిపోతా."

మేడమ్ ఆ గోడమీద టార్చి వేసి చూసింది. "రాళ్ళ జోలికి పోకుండా మధ్య సున్నం అతుకుల్లో బిగించొచ్చు. రేపు తీసేసినా గోడకేం కాదు. ఇది అడగండి. వస్తుందనే అనుకుంటున్నా."

"అంతేనా!" అన్నాడాయన. "మరి వెనక గదిలో మంచం..."

"ఆ చీకటి గదిలోనా? విరిగిన బీరువాల పక్కనా?" అంది భార్య. "నన్నూ అమ్ముదామనుకున్నారా?"

మేడమ్ నవ్వింది. ఆయన నవ్వలేకపోయాడు. ఆస్పత్రినుంచి వచ్చినరోజు ఇదే మెట్లమీద నిలబడి ఆవిడ ఇదే మాట అంది. "గోడకి కర్రముక్కా! నువ్వూరుకో, నేను చూసుకుంటా" అన్నాడు తను. ఆయన కొట్లో ఎవరూ మొదటిసారి నిజం చెప్పరు. ఆవిడ కూడా అంతే అనుకున్నాడు, తనకి కష్టం కలగకూడదని తక్కువ అడుగుతోంది, అసలు కోరిక వేరే ఏదో ఉండే ఉంటుందనుకున్నాడు. ఆ వేరేదాన్ని వెతుకుతూ ఇన్ని నెలలు ఆవిణ్ణి ఆ కుర్చీలో కూర్చోబెట్టాడు. ఎంత సిగ్గేసిందంటే, తనమీద తాను వేసుకోవడానికి ఒక్క జోకు కూడా దొరకలేదు.

అనుమతి వచ్చింది. వడ్రంగి వచ్చి బిగించి వెళ్ళాడు.

మర్నాడు కొట్టు తెరిచే వేళకి ఆవిడ పైమెట్టుమీద నిలబడింది. ఆయన కింద రెండు చేతులూ చాచి నిలబడ్డాడు. ఆవిడ కుడిచేత్తో గోడవైపు రెయిలింగ్ పట్టుకుని ఒక్కొక్క మెట్టే దిగింది. చివరి మెట్టుమీద ఆగింది.

"రెండడుగులు పక్కకి జరగండి. దారికడ్డంగా ఉన్నారు."

ఆయన ఒక అడుగు జరిగాడు.

ఆవిడ అక్కడే నిలబడి ఆయన వంక చూసింది.

ఆయన రెండో అడుగు కూడా జరిగాడు.