ఎడమచేతి కత్తి

జిగురు రాసింది నేను. ఆ మాట ముందే చెప్పేస్తే గుండె బరువు కాస్త తగ్గుతుందేమో.

గీసిన కాగితాన్ని బోర్లించి చెక్కకు అంటించాలి. అప్పుడే అచ్చులో బొమ్మ సరిగ్గా పడుతుంది, లేకపోతే కుడి ఎడమవుతుంది. పదేళ్లప్పుడు నాన్న నేర్పిన పని. ఈసారి కాగితం మందంగా ఉండి, గీతలు వెనకవైపుకి కనబడలేదు. తమ్ముడు ఎర్కోలెకు చెక్కడం కష్టమని వెల్లకిలా అంటించేశాను. ఏ చెయ్యి ఎటుంటే ఏం కొంప మునుగుతుందిలే అనుకున్నాను.

బొమ్మ పాత కథే. వేణువు పోటీలో ఓడిన మార్సియాస్‌ను చెట్టుకు వేలాడదీసి, అపోలో దేవుడు చర్మం ఒలుస్తుంటాడు. లేత పసుపు, గోధుమ, నలుపు, రంగుకో బేరిచెక్క పలక. తవ్వేసిన చోట కాగితం తెల్లగా మిగిలి వెలుగవుతుంది. ఎర్కోలె ఆ వెలుగంతా కత్తి పట్టిన చేతి మీద పడేలా తవ్వాడు. వాడు అంత బాగా ఎప్పుడూ చెక్కలేదు.

"కింద నీ పేరు కూడా చెక్కరా, ఊరికి తెలియాలి" అని పట్టుబట్టిందీ నేనే.

బొలోన్యా సంతలో వంద కాగితాలు అమ్ముడయ్యాక, మా రొట్టెలవాడు ఒకటి చూసి గొంతు తగ్గించాడు. "ఏం తద్దేయక్కా, అపోలోకి ఎడమచేతివాటం ఎప్పట్నుంచి?"

ఎడమచేతివాటం మా ప్రభువుది. ఆయన విందులో వేణువు వాయిస్తూ ఆయన్నే వెక్కిరించిన లాప్పో, ఈస్టరు ముందు వచ్చే నలభై రోజుల ఉపవాసాలు మొదలవకముందే మాయమయ్యాడు. గోడలకు చెవులుంటాయి కదా, ఎక్కడని ఎవరూ అడగలేదు.

మర్నాడు మధ్యాహ్నం ప్రభువుగారి కార్యదర్శి వచ్చాడు. టోపీ తీసి, మా బొమ్మను బల్ల మీద పరిచాడు.

"ఎవరు చెప్పారు నీకు?" అని ఎర్కోలెను అడిగాడు.

"ఏం చెప్పడమండీ?" వాడికి నిజంగానే అర్థం కాలేదు.

నేను పరుగున నలుపు రంగు చెక్క తెచ్చాను. "చూడండయ్యా, చెక్కలో కత్తి కుడిచేతిలోనే ఉంది. బోర్లించకుండా అంటించింది నేను. తప్పు నాది, వాడిది కాదు."

ఆయన చెక్కను కిటికీ దగ్గర పట్టుకుని చాలాసేపు చూశాడు. నమ్మాడనుకున్నాను. అంతలో ఆయన వేలు కింది అంచు దగ్గర ఆగింది.

"బొమ్మ తిరగబడుతుందని మరిచారు, సరే. పేరు మాత్రం తిరగేసి చెక్కాలని ఎలా గుర్తుందమ్మా?"

కాగితం మీద నా తమ్ముడి పేరు ముత్యాల్లా, సరిగ్గా పడి ఉంది.

"అది చేతి అలవాటండీ" అన్నాను. ఆయన నవ్వాడు.

"పై అంగీ వేసుకో ఎర్కోలె. ప్రభువుగారు నీ పనితనం మెచ్చుకున్నారు."

వాడు చేతులు తుడుచుకున్నాడు. "పులుసు పొయ్యి మీదే ఉంచక్కా, వచ్చేస్తా."

ఇవాళ్టికి తొమ్మిది రోజులు. ఎక్కడని ఊళ్లో ఎవరూ అడగలేదు. నేనూ అడగలేదు.