పెళ్లికూతురి పడవకు ఆగిన ఓడ

ఆఫ్రికాలో టాంగన్యికా సరస్సు మీద తిరిగే ఆ పాత ఓడ తన వంశం చలవ వల్లే బతికిందని పంక్రసీ ఎవరు దొరికితే వాళ్లకు చెప్పేవాడు. అడగనివాళ్లకైతే ఇంకాస్త పొడిగించి మరీ చెప్పేవాడు.

"జర్మనీవాళ్లు దాన్ని ముక్కలుగా పెట్టెల్లో తెచ్చి ఈ నీళ్ల ఒడ్డునే బిగించారా? యుద్ధంలో ఇంగ్లీషువాడి చేతికి చిక్కకూడదని మళ్లీ వాళ్లే ముంచేశారా? ముంచేముందు తుప్పు పట్టకుండా ఇంజనుకు నూనె దట్టించారు. ఎవరిదనుకున్నావు ఆ నూనె? మా నాయనమ్మది! కుండెడు ఎర్ర పామాయిలు. ఏళ్ల తర్వాత ఇంగ్లీషువాడు పైకి లాగి చూస్తే, ఇంజను అప్పుడే తలంటుకున్న పిల్లలా మెరుస్తోంది. మొదటి కూత కూసినప్పుడు ఒడ్డంతా చేపల వేపుడు వాసన వచ్చిందట!"

ఊరంతా ఆ ఓడను 'అవ్వ' అనేవారు. ఊరికి రేవు లేదు. అవ్వ లోతునీళ్లలో ఆగి కూత వేస్తే, పడవలు పోటీపడి వెళ్లి దాని పక్కకు అంటుకునేవి. మనుషులు, మేకలు, అనాసపళ్ల బుట్టలు, ఎండుచేపల బస్తాలు అన్నీ ఓడ పక్కనున్న ఒకటే తలుపులోంచి లోపలికి పోవాలి. ఆ పడవల్లో ఒకటి పంక్రసీది.

ఆ ఏడాది వానలు వెనకబట్టాక, రేవు లేని ఊళ్ల దగ్గర ఆగొద్దని పైవాళ్లు హుకుం జారీచేశారు. అవ్వ కూతైనా వేయకుండా రెండుసార్లు ఊరి ముందునుంచే వెళ్లిపోయింది.

సరిగ్గా అప్పుడే ఓడ చేరే రేవుపట్నం కిగోమా నుంచి పంక్రసీ కూతురు లెయొకాదియా కబురు పంపింది. తొలికాన్పు. 'అమ్మా, నువ్వు పక్కన లేకపోతే నాకు భయంగా ఉంది' అని. నడిచి వెళ్దామంటే కొండలు నిటారుగా నీళ్లలోకి దిగి ఉన్నాయి, దారి లేదు. చిన్న పడవ మీద వెళ్దామంటే అది దక్షిణపు గాలి వీచే కాలం. పంక్రసీ పెళ్లాం గౌదెన్సియా మూట కట్టుకుని ఒడ్డున కూర్చుంది.

"మీ నాయనమ్మ నూనె పోసింది కదయ్యా. పోయి గుర్తుచెయ్యి, మొహమాటానికైనా ఆగుతుందేమో!" అంది. వెటకారంగా మొదలుపెట్టిన మాట చివరికొచ్చేసరికి వణికింది.

పంక్రసీ గడ్డం గోక్కున్నాడు. పెళ్లికూతురి పడవను దాటిపోయిన నావికుడికి గాలి ఎదురుతిరుగుతుందని ఆ ఒడ్డున అందరి నమ్మకం. ఎంతటి కెప్టెనైనా ఆగి, కూత వేసి, ఆమెను తానే పలకరించి ఎక్కించుకోవాలి.

"లేవే. నీకు మళ్లీ పెళ్లి చేస్తా."

"సిగ్గులేదూ! ముందుపళ్లు లేని పెళ్లికూతురిని ఎవడు నమ్ముతాడు?"

"పెళ్లికూతురు నోరు తెరవకూడదే. నీకు కష్టమయ్యేది అదొక్కటే."

ఓడ వచ్చే రోజు పొద్దున్నే అవ్వ కొండమలుపు తిరిగేసరికి పంక్రసీ పడవ నడినీళ్లలో ఉంది. డప్పు మోగుతోంది. ఆడవాళ్లు నాలుకలాడిస్తూ పెళ్లికేకలు వేస్తున్నారు. మధ్యలో కొత్త కాంగా గుడ్డ ముసుగేసుకుని గౌదెన్సియా. అవ్వ ముందుకే వెళ్లింది. ఇంతలో ఓడ వెనక నురగ తగ్గింది. పొడుగ్గా కూత వేసి అవ్వ ఆగింది.

కెప్టెన్ నెస్టోరి తలుపు దగ్గరికొచ్చి, ఆనవాయితీ ప్రకారం వంగి అడిగాడు. "పెళ్లికూతురా, ఎవరి బిడ్డవమ్మా?"

"నేనెవరి బిడ్డనో తర్వాత చెబుతా! నా బిడ్డకు కిగోమాలో నెలలు నిండాయి, ముందు చెయ్యందించు నాయనా!"

ముసుగు జారింది. ఓడ మొత్తం గొల్లున నవ్వింది.

"ఇదేం పెళ్లి, తాతా?"

"పెళ్లి నిజమే కెప్టెన్. కాకపోతే ఓడెక్కించడం నలభయ్యేళ్లు ఆలస్యమైంది. అయినా ఈ ఓడ మాకు రుణపడి ఉంది. దీని ఇంజనుకు మా నాయనమ్మ..."

"నూనె పోసింది, అంతేగా? మా ఊళ్లో అది మా మేనత్త నూనె అంటారు. ఈ ఒడ్డున నూనె పోయని ముసలమ్మ ఒక్కతైనా ఉందా? అందరూ పోసుంటే ఆ నూనెలో తేలేది గానీ, మునిగేదా ఈ ఓడ?"

పంక్రసీ పడవ ఊగేంతగా నవ్వాడు. "సరే, ఒప్పుకున్నా. మా నాయనమ్మ వేరుశనక్కాయలు అమ్మేది. ఇంట్లో నూనెకుండే ఉంటే నేనిలా ఎండిపోయి ఉంటానా?"

కెప్టెన్ నవ్వలేదు. గౌదెన్సియా మూటలోంచి బయటికి వేలాడుతున్న పసిపిల్లల చొక్కాను చూస్తున్నాడు.

"పడవ కదలకుండా పట్టుకో తాతా," అని, ఆమె రెండు చేతులూ పట్టుకుని పైకి లాగాడు. "పైవాళ్లు అడిగితే పెళ్లికూతురి కోసం ఆగానంటాను. మళ్లీ వచ్చేటప్పుడూ పెళ్లుంటుందా?"

"ఎందుకుండదు! మా ఊళ్లో ముసలమ్మలకేం తక్కువ?"

అవ్వ వెళ్లిపోయింది. గౌదెన్సియా తలుపులోంచి చెయ్యి ఊపుతూనే ఉంది. పంక్రసీకి ఒక్క అబద్ధం కూడా నోటికి రాలేదు.

అప్పటినుంచి అవ్వ వచ్చే రోజున ఎవరో ఒకావిడ ముసుగేసుకునేది, ఎండుచేపలమ్మడానికి వెళ్తున్నా సరే. అవ్వ ఆగేది. కొంతకాలానికి తల్లీబిడ్డలను తీసుకుని గౌదెన్సియా అదే తలుపులోంచి దిగింది. ఆడపిల్ల. ఓడ గుర్తుగా దానికి 'అవ్వ' అని పేరు పెట్టారు.

ఆ ఒక్క ముక్కా నేను కల్పించింది. పసిగుడ్డుకు అవ్వ అని ఎవరైనా పేరు పెడతారా? పిల్ల పేరు గౌదెన్సియా. ఆ పేరు చెవిన పడగానే పంక్రసీ పడవలోనే కూలబడి ఏడ్చాడు. అది ఎవరికీ చెప్పొద్దన్నాడు, అందుకని కల్పించాల్సొచ్చింది.