ఇద్దరికి తక్కువైతే అన్నం లేదు

నేను అబద్ధమాడగా విన్నవాడు మా ఊళ్లో ఇంకా పుట్టలేదు. కాసిల్దా అలికాంతే పట్నంలో ఒంటరిగా కూర్చుని అన్నం తిన్న రోజున నేను పక్క బల్ల దగ్గరే ఉన్నాను. ఆమె చెంచా మూకుడును గీరిన చప్పుడు ఈ చెవులతో విన్నాను. కాబట్టి ఇందులో ఒక్క మెతుకు కూడా నా కల్పన కాదు.

మొదటిరోజు మధ్యాహ్నం సముద్రపు ఒడ్డు హోటల్లో అడుగు పెట్టగానే, వడ్డించే నికనోర్ ఆమెను అడిగాడు.

"ఎంతమంది?"

"ఒక్కదాన్నే."

అతను ఆమె భుజం మీదుగా వీధిలోకి చూశాడు. కారు ఎక్కడో నిలిపి మొగుడు వెనకాల వస్తున్నాడేమోనని. ఎవరూ రాలేదు. "ఒక్కరేనా?" అని మళ్లీ అడిగి, మరుగుదొడ్డి తలుపు పక్కనున్న బల్ల చూపించాడు. కిటికీ వైపు నాలుగు బల్లలు ఖాళీగా ఉన్నాయి, వాటి వెనక సముద్రం ఉంది.

"అవి జంటలకమ్మా," అన్నాడు, ఆమె అడక్కముందే.

కాసిల్దా కూర్చుంది. తలుపు తెరుచుకున్న ప్రతిసారీ మోచేయి ముడుచుకుంటూ చేపల పులుసు తాగింది. పులుసు రుచి ఆమెకు గుర్తు లేదు. చేతులకేం చేయాలో తెలియకపోవడమే గుర్తుంది. తను రొట్టె తుంచి ఇవ్వడానికి ఎదురుగా మొగుడు లేడు, గ్లాసు నింపి పెట్టడానికి అత్తగారు లేదు. రెండు చేతులూ ఒడిలో పడి, యజమాని చచ్చిన కుక్కల్లా బిక్కుబిక్కుమంటున్నాయి. వాటిని చూస్తే ఆమెకు జాలి వేయలేదు. ఒళ్లు మండింది.

ఈ ప్రయాణం ఆమెకు కానుకగా వచ్చింది. నారింజపళ్ల షెడ్డులో ముప్పై ఒక్క ఏళ్లు నిలబడి, కుళ్లిన పండును ముట్టుకోగానే పసిగట్టి పక్కకు తోసిన చేతులవి. ఆమె పని మానే రోజున తోటి ఆడవాళ్లంతా కలిసి అలికాంతేలో మూడు రోజులు ఉండేందుకు ఇద్దరికి గది ఏర్పాటు చేసి రసీదు చేతిలో పెట్టారు. మొగుడు ఎవారిస్తో ఆ కాగితం చూసి, "ఆ వారమే నా పావురాల పందెం. ఎవరికైనా ఇచ్చేయ్," అన్నాడు. పందెంలో గుర్తు కోసం ఆ పావురాల రెక్కలకు రంగులు పూసేటప్పుడు ఆయన చూపించే ఓపికలో పదోవంతు పెళ్లాం మీద చూపించి ఉంటే ఈ కథే ఉండేది కాదు. "నేను వెళ్తాను," అంది కాసిల్దా. "ఒక్కదానివే? అక్కడేం తింటావు? పొట్లం కట్టుకెళ్లు," అన్నాడు. అత్తగారు బ్రిహిదా అల్లిక సూదులు ఆపకుండానే అంది: "ఒంటరిగా హోటల్లో కూర్చుని తినే ఆడదాన్ని చూస్తే జనం ఏమనుకుంటారో తెలుసా?"

జనం ఏమీ అనుకోలేదు. అసలు ఆమెను చూడనే లేదు. అదీ ఆమెకు మండింది.

రెండోరోజు అన్నం అడిగింది. మా వైపు ఆదివారాలు తినే అన్నమే. వెడల్పాటి ఇనప మూకుడులో కుందేలు మాంసం, చిక్కుడు గింజలు, కుంకుమపువ్వు వేసి కట్టెల మీద ఉడికించేది.

"అన్నం ఇద్దరికి తక్కువైతే పెట్టమమ్మా," అన్నాడు నికనోర్. "ఒక్కరికి మూకుడు ఎక్కించం. ఎక్కడికెళ్లినా ఇదే మాట. గుడ్డు అట్టు వేయించమంటారా?"

ఆ గుడ్డు అట్టు ముందు కూర్చుని కాసిల్దా తన ఆదివారాలన్నీ తలుచుకుంది. మా వైపు ఆదివారం అన్నం మగవాడే వండాలి, అది పరువు. ఎవారిస్తో వండుతాడు. అంటే, తెల్లవారగానే కాసిల్దా లేచి కుందేలు కోసి, చర్మం తీసి, ముక్కలు కొడుతుంది. చిక్కుళ్లు ఒలుస్తుంది, టమాటాలు తురుముతుంది, ఎసరు కాచి వడకడుతుంది, నారింజ కట్టెలు పేరుస్తుంది. పదకొండు గంటలకు మొగుడు చేతిలో వైన్ గ్లాసుతో వచ్చి నిప్పు అంటిస్తాడు. వెనక్కి చూడకుండా చెయ్యి చాపుతాడు. "మాంసం," అంటే మాంసం, "గింజలు," అంటే గింజలు ఆ చేతిలో పడతాయి. ఆఖరికి గుప్పెడు ఉప్పు మాత్రం తనే తీసి, పురోహితుడిలా ఆకాశం నుంచి చల్లుతాడు. మూకుడు బల్ల మీదికి రాగానే పన్నెండు మందీ చప్పట్లు కొడతారు, "మా వంటవాడికి జై," అని. ముప్పై నాలుగేళ్లు. వాళ్లతోపాటు కాసిల్దా కూడా కొట్టింది. అది గుర్తొచ్చి గుడ్డు అట్టును కుళ్లిన పండులా పక్కకు తోసింది. కొట్టమని ఎవరూ బలవంతం చేయలేదు. తడి చేతులు తుడుచుకుని మరీ కొట్టింది.

ఇంకోటుంది. మూకుడు చుట్టూ కూర్చుని అందరూ అందులోంచే తినడం ఆనవాయితీ. అంచు నుంచి నడిమికి ఎవరి పాలు వాళ్లది, పక్కవాడి పాలులోకి చెంచా పోకూడదు. కాసిల్దా పాలు వంటింటి గుమ్మం వైపు. ఆమె రొట్టె తేవడానికి లేస్తుంది, ఉప్పు తేవడానికి లేస్తుంది, అత్తగారి మందుబిళ్ల కోసం లేస్తుంది. తిరిగి వచ్చేసరికి ఎడంపక్క బావగారూ కుడిపక్క ఆడబిడ్డా పొలం గట్టు జరిపినట్టు ఆమె పాలును చెరో వేలెడు జరిపి ఉంటారు. అడుగున బంగారు రంగులో పట్టే మాడు, అందరూ పోటీపడే ఆ మాడు, ఆమె వంతులో ఎప్పుడూ గీరేసి ఉంటుంది. "నీకు మాడు ఇష్టం లేదు కదా," అంటాడు ఎవారిస్తో. ఇష్టమో కాదో తెలుసుకునేంత మాడు ఆమె నోటికి ఏనాడూ అందలేదు.

మూడోరోజు కాసిల్దా తిన్నగా కిటికీ దగ్గరికి వెళ్లి కూర్చుంది.

"అది జంటలకమ్మా," అన్నాడు నికనోర్.

"ఇద్దరికి అన్నం పెట్టించు."

"రెండోవారు వస్తున్నారా?"

"ఇద్దరికి అన్నం చెప్పానా లేదా?"

చెప్పింది. ఏమంటాడు? రెండు కంచాలు, రెండు చెంచాలు పెట్టి వెళ్లాడు. మూకుడు పొగలు కక్కుతూ వచ్చింది. నికనోర్ గుమ్మం వైపు చూసి, "మీ ఆయన ఎక్కడున్నారు? చల్లారిపోతుందమ్మా," అన్నాడు.

"పావురాల దగ్గర. ఆ రెండో కంచం తీసెయ్. ఈ మొదటిదీ తీసెయ్."

అంచు నుంచి మొదలుపెట్టలేదు ఆమె. ఆనవాయితీని పక్కకు నెట్టి, నడిమధ్యలో చెంచా గుచ్చింది. అక్కణ్నుంచి ఎడమకు వెళ్లింది, కుడికి వెళ్లింది, బావగారి పాలు తినేసింది, ఆడబిడ్డ పాలు తినేసింది, మొగుడి పాలులో మాంసం ముక్కలన్నీ ఏరుకుంది. ఉప్పు తక్కువైంది. లేవలేదు. చెయ్యెత్తింది, నికనోర్ తెచ్చాడు. ఆఖరున మూకుడు ఒంచి మాడు గీరింది. కరకరలాడుతోంది, కాస్త చేదు, కాస్త తీపి. ఇష్టమే. ముప్పై నాలుగేళ్లుగా ఇష్టమేనన్నమాట. ఆ సంగతి తెలిసినందుకు సంతోషం రాలేదామెకు, కోపంతో ఇనుము తేలేదాకా గీరింది.

అప్పుడు లోపలినుంచి వంటాయన ఎలిసేయో బొజ్జ ముందు వేసుకుని వచ్చాడు, బల్లబల్లకూ తిరిగి మెప్పు వసూలు చేసుకోవడానికి. రెండు బల్లలవాళ్లు చప్పట్లు కూడా కొట్టారు. కాసిల్దా దగ్గర ఆగి, "ఎలా ఉందమ్మా నా అన్నం?" అన్నాడు.

"చిక్కుళ్లు ఎవరు ఒలిచారు?"

"అంటే... లోపల ఆడవాళ్లున్నారు."

"కుందేలు ఎవరు కొట్టారు?"

"వాళ్లే."

"పేర్లు?"

ఎలిసేయో టోపీ సర్దుకున్నాడు.

"పిలవండి," అంది.

"వాళ్లకి పనుందమ్మా."

"నాకూ ఉండేది. పిలవండి, వచ్చేదాకా కూర్చుంటాను."

ఆమె చెంచా దించకుండా అలాగే చూస్తుంటే ఆయన లోపలికి వెళ్లక తప్పలేదు. ఇద్దరు ఆడవాళ్లు వచ్చారు, ఒకామె పెద్దది, ఒకామె నడివయసుది. అన్నంలో వెంట్రుక ఏదైనా వచ్చిందేమోనని భయపడుతూ, తడి చేతులు ముందుగుడ్డకు తుడుచుకుంటూ నిలబడ్డారు. ఆ తుడుచుకోవడం చూసి కాసిల్దా లేచింది. వాళ్ల ముందు నిలబడి చప్పట్లు కొట్టింది. గట్టిగా, కొట్టినట్టే కొట్టింది. అంతే, హోటలంతా లేచి నిలబడింది. జంటలు లేచారు, నికనోర్ పళ్లెం చంకలో పెట్టుకుని కొట్టాడు. ఆ మోతకు రేవులోని సముద్రపు పిట్టలు బెదిరి లేచి ఆఫ్రికా వెళ్లి వాలాయంటారు.

శనివారం ఆమె ఇల్లు చేరింది. ఆదివారం పన్నెండు మందీ వచ్చారు. ఎవారిస్తో పదకొండు గంటలకు వైన్ గ్లాసుతో వచ్చి, తనే నాలుగు కట్టెలు లాక్కుని నిప్పు అంటించి, మూకుడులో నూనె పోసి, వెనక్కి చూడకుండా చెయ్యి చాపాడు.

"మాంసం."

చేతిలో ఏమీ పడలేదు.

"కాసిల్దా, మాంసం."

"గూట్లో ఉంది," అంది కాసిల్దా. ద్రాక్ష పందిరి కింద, మూకుడుకు ఎదురుగా, కుర్చీలో కూర్చుని ఉంది. గూట్లో కుందేలు క్యాబేజీ ఆకు నములుతోంది.

"గింజలు?"

"తీగకున్నాయి."

"మరి ఎసరో?"

"కొళాయిలో."

అత్తగారు అల్లిక సూదులు ఆపింది. "ఏమైందే నీకు? ఒంట్లో బాగాలేదా?"

"బాగుంది అత్తయ్యా. అన్నం వండేది మీ అబ్బాయే కదా, వండమనండి. చప్పట్లు కొట్టడానికి మేమంతా ఉన్నాం." అని, రెండు చేతులూ ఒడిలో పెట్టుకుంది. ఈసారి వాటికి ఏం చేయాలో తెలుసు. ఏమీ చేయకూడదు.

మూకుడులో నూనె పొగ లేచి నల్లబడింది.

ఆ పొగ నేను చూశాను, అది మాత్రం నిజం. ఎందుకంటే నేను అలికాంతేలో ఏ పక్క బల్ల దగ్గరా లేను. ఈ మూకుడు దగ్గరే ఉన్నాను, ఖాళీ చెంచాతో, ఎడంపక్కన. ఎవారిస్తో అన్నను నేను, గట్టు జరిపిన బావగారిని నేనే. ఇప్పుడు ఆదివారాలు చిక్కుళ్లు ఒలిచేది కూడా నేనే. ఒలుస్తుంటే మా మరదలు ఇదంతా చెప్పింది, గింజల్లో పుచ్చు వదిలేశానని మధ్యమధ్య తిడుతూ. ఆమె చెప్పినదాన్ని మార్చలేదు, ఒక్కటి తప్ప. హోటల్లో ఎవరూ లేవలేదట. జంటలు తల దించుకుని తమ పాలు తాము తిన్నారట. మోగింది ఆమె చేతులొక్కటే. మిగతా చప్పట్లు నేను కల్పించాను. ముప్పై నాలుగేళ్లు తప్పు మనిషికి కొట్టిన నా చేతులు, ఊరికే ఉండలేకపోయాయి.