నల్ల మలీద

బ్రౌనీ అనే చాక్లెట్ రొట్టెను ఈ భూమ్మీద మొట్టమొదట కాల్చింది నేనే. దొరల దేశంలో పుట్టిందని ఎవరైనా చెబితే నమ్మకండి. అది పుట్టింది పాలకుర్తి చౌరస్తాలో, నడిరోడ్డు మీద, మూడు రాళ్ల పొయ్యి మీద. పుట్టించింది హోటల్ రాజలింగు, అంటే నేను. ఆ రోజు లేచిన వాసన పెద్దవంగర దాటి పోయిందనీ, అటు మొగుళ్లపల్లి చేన్లలో పత్తి ఏరుతున్న ఆడవాళ్లు ఒడిలోని పత్తి కింద పారబోసి, ఎవరింట్లో పెళ్లని అడిగారనీ జనం చెప్పుకుంటారు. చెప్పుకుంటారంటే, చెప్పేది నేను, వినేది జనం.

ఇది సకల జనుల సమ్మె నాటి సంగతి. బస్సులు డిపోలోంచి కదల్లేదు. బడులకు తాళాలు పడ్డాయి. బొగ్గు బాయిల వాళ్లు కూడా సమ్మెలోకి దిగడంతో కరెంటు చుట్టపుచూపుగా వచ్చి, మంచినీళ్లయినా ముట్టకుండా వెళ్లిపోయేది. చౌరస్తాలో టెంటు వేశాం. రోజుకో వాడ వాళ్లు రోడ్డు మీదే పొయ్యి పెట్టి వంటావార్పూ చేసేవారు. ఇంటికో పిడికెడు ఏదైనా తేవాలి, కలిపి వండాలి, దారిన పోయేవాణ్ని కూడా కూర్చోబెట్టి తినిపించాలి. అదీ పద్ధతి. రాష్ట్రం కోసం ఉపవాసాలు చేసినవాళ్లు చేశారు. మేం మాత్రం కడుపునిండా తిని కొట్లాడాం.

నా టీ హోటల్ టెంటుకు ఎదురుగానే ఉండేది. సమ్మె కదా, మూసేశాను. చాయ్ అమ్మే పని లేక అబద్ధాలు ఉచితంగా పంచుతూ టెంటులో కూర్చున్న రోజుల్లో, ఒక పొద్దున జమున ఆటో దిగింది.

జమున మా దగ్గరి తండాలో ఉండే జాల్యా కోడలు. మొగుడు ప్రేమ్‌సింగ్‌తో పట్నం పోయింది. అతను మేడలు కట్టే కాడ కూలి చేస్తుంటే, ఈమె ఒక బేకరీలో గిన్నెలు తోముతూ, తోముతూనే పక్కకు చూసి కేకులు కాల్చడం నేర్చుకుంది. పట్నంలో పనులు ఆగిపోయాక బిడ్డ అనితను వెంటబెట్టుకొని ఇద్దరూ తండాకు వచ్చేశారు. బేకరీ నడిపే ఆమె పాతబడ్డ కరెంటు పొయ్యి ఒకటి, కోకో పొడి, చాక్లెట్ ఇచ్చి పంపిందట. ఆ పొయ్యి తెచ్చి నా ముందు దించింది.

"బాపూ, నీ హోటలెనుక కట్టెల అర్ర ఉంది గద, నాకియ్యరాదు. బేకరీ పెట్టుకుంట."

పాలకుర్తిలో బేకరీ ఏమిటని నవ్వబోయాను గానీ, ఆ పిల్ల ముఖం చూసి ఆపుకున్నాను. అప్పుడు సంగతంతా చెప్పింది. మామ జాల్యా, కూలీలను తోలుకుపోయే ఒక మేస్త్రీకి మాటిచ్చాడు. దసరా కాగానే కొడుకూ కోడలూ బొంబాయి దిక్కు ఇటుక బట్టీలకు పోవాలి. పోతే అనిత కూడా వాళ్లతోనే పోవాలి. ఆ చిన్నది ఆ ఎండాకాలం తర్వాతే పట్నంలో ఒకటో తరగతిలో చేరింది. సమ్మె వల్ల ఇక్కడి బడి మూసి ఉన్నా, రోజూ పలక చంకలో పెట్టుకొని తాళం తీశారేమోనని చూసి వస్తుందట.

"బట్టీల కాడ బడి యాడుంటది బాపూ" అంది జమున. "ఇటుకలు లెక్కపెట్టుడే సదువు."

జాల్యా చెడ్డవాడేం కాదు. కరువు చూసినవాడు. మేస్త్రీ మాటంటే తిండికి హామీ అని అతని నమ్మకం. అయినా కోడలి పోరు పడలేక ఒక మాట ఇచ్చాడు. బతుకమ్మ చివరి రోజైన సద్దుల నాడు చౌరస్తాలో అందరికీ, పట్నంలో నేర్చిన బ్రౌనీ అనే ఆ నల్లరొట్టె చేసి పెట్టాలి. తిన్నవాళ్లలో నలుగురు మళ్లీ కావాలని చెయ్యి చాపితే మేస్త్రీకి రామని చెబుతాడు. లేకపోతే మూటలు కట్టుకోవాలి.

కట్టెలు వేసుకునే ఆ గది ఇస్తానన్నాను. నా భార్య సాలమ్మ, మరి కట్టెలు ఎక్కడ పెట్టాలి, నీ నెత్తి మీదనా అంది. తర్వాత తనే చీపురు తీసుకొని పోయి అర్ర ఊడ్చింది. ఒక్క షరతు పెట్టింది. సద్దుల నాడు గౌరమ్మ ముందు పంచేదాంట్లో కోడిగుడ్డు పడడానికి వీల్లేదు. గుడ్డు లేకుండా రొట్టె గట్టిగా నిలబడదని జమున సందేహించింది. పెరుగు పొయ్యమంది సాలమ్మ. సరేనంది జమున. ఈ పెరుగు సంగతి గుర్తు పెట్టుకోండి, దీంతో ముందుముందు పని ఉంది.

కరెంటు రాదు కాబట్టి పొయ్యి పనికి రాదు. నిప్పు విషయం నాకు వదిలెయ్యమని చెప్పాను. చాయ్ బట్టీ ముందు తెల్లబడ్డ వెంట్రుకలు నావి. పెద్ద గంజులో ఇసుక పోసి, ఇసుక మీద రేకు పళ్లెం పెట్టి, పైన మూత వేసి, మూత మీద నిప్పులు పోశాం. పండుగకు ముందు రోజు పరీక్ష అన్నమాట. జమున సన్న సెగ చాలంది. నేను నా పనితనం చూపించాలి కదా, విసనకర్రతో విసిరి విసిరి గంజు అడుగు ఎర్రబడేదాకా ఊరుకోలేదు. మూత తీస్తే లోపల గూనపెంక ఉంది. కప్పు మీద వేస్తే వాన ఆగేటంత గట్టిది.

టెంటులో నినాదాలు ఇచ్చే ముత్తయ్య వచ్చి దాన్ని వేలితో కొట్టి చూశాడు.

"ఏందన్నా గిది, తారు ముక్కనా? రోడ్డు గుంతల ఏస్తరా, నోట్లె ఏస్తరా?"

టెంటంతా నవ్వింది. తెచ్చిన చాక్లెట్‌లో సగం ఆ పెంకలోకే పోయింది. ఇక ఒక్క పళ్లేనికే సరిపోతుంది. జమున ఏడవలేదు. నా చేతిలోంచి విసనకర్ర మెల్లగా తీసుకుంది.

"బాపూ, నువ్వు కూసోని మంచిగ కథలు చెప్పు. మంట నేను చూసుకుంట."

తెల్లవారితే సద్దుల బతుకమ్మ. రొట్టెలోకి జీడిపప్పు, కిస్‌మిస్ కావాలంది జమున. దుకాణాలన్నీ బంద్. అప్పుడు నాకు తోచిందేమిటంటే, వంటావార్పుకు ఎలాగూ ఇంటికో పిడికెడు తేవాలి కదా! మైకు అందుకొని, రేపు బియ్యంతో పాటు ఇంట్లో ఎండినవేమున్నా, పలుకులేమున్నా పట్టుకు రమ్మని చెప్పాను. ఎండిపోయిన మనుషులు వద్దని కూడా చెప్పాను, లేకపోతే ముత్తయ్య ముందు వచ్చి నిలబడతాడు.

తెల్లారగానే వచ్చాయి. ఒకరు వేయించిన పల్లీలు, ఒకరు ఎండు కొబ్బరి కుడుక ముక్కలు. పెద్దవంగర నుంచి సైకిల్ మీద వచ్చిన ఒకాయన జేబులోంచి ఎండు ఖర్జూరాలు తీశాడు. ఎవరో పెళ్లి నాటి జీడిపప్పు కాగితంలో కట్టి తెచ్చారు. అన్నిటికన్నా చివర గట్టమ్మ వచ్చింది. ఆమెది మొగుళ్లపల్లి. బిడ్డ ఇంటికి పండుగకు ముందే వచ్చి, బస్సుల్లేక ఇక్కడే ఆగిపోయిన మనిషి. కొంగు ముడి విప్పితే అందులో సారపప్పు, దాని పక్కన ముడతలు పడ్డ ఎండు ఇప్పపూలు. అడవి దిక్కు నుంచి బిడ్డ కోసం తెచ్చుకున్నవి.

"కిస్‌మిస్ లేదని పరేషాన్ ఎందుకు బిడ్డా" అంది. "గిది నమిలి సూడు."

జమున ఒక పువ్వు నోట్లో వేసుకుంది. నమిలింది. కొంగులో ఉన్నదంతా కడిగి తెమ్మంది.

నేను దూరంగా కూర్చొని చూశాను, నిప్పు దగ్గరికి నన్ను రానివ్వలేదు కాబట్టి. వెన్నలో చాక్లెట్ కరిగించింది. చక్కెర, పెరుగు, మైదా, కోకో పొడి వేసి కలిపింది. తొలి వానకు తడిసిన రేగడి మన్ను ఎట్లా మెరుస్తుందో, ఆ పిండి అట్లా మెరిసింది. అందులో ఊరు తెచ్చిన పిడికిళ్లన్నీ పడ్డాయి. గంజులో ఇసుక సన్నగా వేడెక్కాక పళ్లెం దించి మూత పెట్టింది. ఆ తర్వాత విసరలేదు, కదపలేదు, ముక్కుతో కాపలా కాసింది. కాసేపటికి వాసన లేచింది. బందోబస్తుకు వచ్చిన పోలీసులు లాఠీలు చంకలో పెట్టుకొని వరసగా నిలబడ్డారు. పళ్లాలు మాత్రం లేవు వాళ్ల చేతుల్లో.

పళ్లెం బయటికి తీస్తే పైన సన్నటి పొర, లోపల దూదిలాంటి మెత్తదనం.

"వేడి మీద ముట్టొద్దు. సల్లారితే గట్టి పడతది. నేనొచ్చి ముక్కలు కోస్త" అని చెప్పి జమున మామను పిలుచుకు రావడానికి తండాకు పోయింది. కుక్కలు రాకుండా చూడమని నాకు అప్పగించింది. కుక్కలు రాలేదు. సాలమ్మ వచ్చింది.

సద్దుల నాడు మా వైపు ప్రతి ఇంట్లో మలీద చేస్తారు. రొట్టె కాల్చి, వేడి చల్లారకముందే నలిపి, బెల్లం నెయ్యి కలిపి ముద్దలు కడతారు. ఆడించిన బతుకమ్మను సాగనంపాక ఆ ముద్దలే ఒకరికొకరు వాయనంగా ఇచ్చుకుంటారు. సాలమ్మ పళ్లెంలో వేలు పెట్టింది. గుడ్డుకు బదులు పెరుగు పోసిన రొట్టె కదా, వేలు పెట్టగానే విరిగింది. ఆమెకు అర్థమైంది ఒక్కటే. పాపం, పట్నం పోయొచ్చిన పిల్ల రొట్టె కాల్చింది గానీ నలపడం మరిచిపోయింది. చల్లారితే ముద్ద కట్టదు.

గట్టమ్మను కేకేసింది. ఇంకో ఇద్దరు కూర్చున్నారు. నెయ్యి వచ్చింది. నేను టెంటు వైపు తిరిగి వాసన ఎక్కడిదాకా పోయిందో ఎవరికో వివరించి ఇటు చూసేసరికి పళ్లెం ఖాళీ, మోదుగాకు విస్తరిలో నల్లటి ముద్దల కుప్ప.

అప్పుడే జమున వచ్చింది. పక్కన జాల్యా, అతని వేలు పట్టుకొని అనిత, అనిత చంకలో పలక. జమున పళ్లేన్ని చూసింది, విస్తరిని చూసింది. నెయ్యి చేతులతో సాలమ్మ నవ్వుతూ నిలబడింది.

"కొయ్యాలె అవ్వా" అంది జమున. "నాలుగు మూలలు రావాలె. బేకరీల గట్లనే ఉంటది."

"మూలలెవలు తింటరు బిడ్డా" అంది సాలమ్మ. "నోరు గుండ్రంగుంటది గద."

జమున రోడ్డు మీదే కూలబడింది. ఇంకో పళ్లేనికి చాక్లెట్ లేదు. రాత్రికి మేస్త్రీ ఫోన్ చేస్తాడు. అంతలో బతుకమ్మలను సాగనంపి ఆడవాళ్లు తిరిగి వచ్చారు. వాయనాలు మొదలయ్యాయి. ఇస్తినమ్మ వాయనం అని సాలమ్మ ఒక నల్ల ముద్ద ఇచ్చింది, పుచ్చుకుంటినమ్మ వాయనం అని ఒకామె కొంగు పట్టింది. నల్లగా ఉందని ముఖం చిట్లించినా, వాయనాన్ని వద్దనేవాళ్లెవరు? అదే నలుచదరపు ముక్కగా కోసి పళ్లెంలో పెట్టి ఉంటే సగం మంది తారు అనుకొని దాటిపోయేవారు. మలీద అనేసరికి అందరి నోళ్లలోకీ పోయింది.

నమిలేవాళ్లు నమిలినట్టే ఆగిపోయారు. ఇప్పపువ్వు పంటికింద పడ్డప్పుడు ఒక ముసలామె కళ్లు మూసుకుంది. మొదట చెయ్యి చాపింది ఎవరనుకుంటున్నారు?

"గా తారు ఇంకొంచెం ఉంటే గిటు పెట్టుండ్రి" అన్నాడు ముత్తయ్య.

ఆ వెనక నాలుగు చేతులు కాదు, చేతుల తోరణమే లేచింది. రేపు కూడా చేస్తావా పిల్లా అని ఒకామె, మా బిడ్డ పెళ్లికి ఇట్లాంటివి గంపెడు కావాలని ఇంకొకామె జమునను చుట్టుముట్టారు. అనిత తన ముద్దలో సగం విరిచి తాత నోట్లో పెట్టింది. జాల్యా నమిలి, టెంటు ఎక్కి, మైకు పట్టుకున్నాడు. నా కోడలు యాడికీ పోదు, మేస్త్రీ వస్తే ఈ ముద్దే తినిపించి తోలేస్తా, రాష్ట్రం వచ్చేదాకా, వచ్చినంక గూడా ఈ చౌరస్తాలో ఈమె పొయ్యి ఆరొద్దు అని గర్జించాడు. చప్పట్లతో టెంటు గుంజలు కదిలాయి.

రాష్ట్రం వచ్చింది. కట్టెల అర్ర అనిత బేకరీ అయింది. ప్రేమ్‌సింగ్ మేడలు కట్టిన చేతులతో గల్లా దగ్గర కూర్చున్నాడు. ఏడాదంతా అద్దాల వెనక నాలుగు మూలల బ్రౌనీలు పద్ధతిగా నిలబడి ఉంటాయి, పలుకులతో, ఎండు పండ్లతో. సద్దుల నాడు మాత్రం సాలమ్మ పోయి, జమున అడ్డం పడకుండా చూస్తుండగా, ఒక పళ్లెం నలిపి వస్తుంది. ఆ రోజు వరస నిలబడేది ఆ ముద్దల కోసమే. ఇప్పపూలు ఇప్పటికీ గట్టమ్మ కొంగులోనే వస్తాయి.

మొదట్లో బ్రౌనీని పుట్టించింది నేనే అన్నాను కదా. నా చేత్తో కాల్చింది ఆ గూనపెంక ఒక్కటే. అది మా పెరటి గోడ మీద ఇంకా ఉంది, వానకు చెక్కు చెదరలేదు. మిగిలినదానికి నేను దండం పెట్టాల్సినవాళ్లు చాలామంది. రాని కరెంటుకు, గట్టమ్మను ఇక్కడ ఆపిన రాని బస్సుకు, పిడికెడు తెచ్చిన ప్రతి ఇంటికి. నా చేతిలోంచి విసనకర్ర లాక్కున్న జమునకు. తెలియక చేసిన పనితో ఒక పిల్లను ఊళ్లో నిలబెట్టిన నా సాలమ్మకు. ఆమెకు ఇది చదివి వినిపిస్తే, తెలియక కాదు, నీకన్నా తెలిసే చేసిన అంటుంది. ఉండనీయండి, ఇంట్లో ఒక్కరికే అబద్ధాల మీద హక్కా?

వాసన మొగుళ్లపల్లి దాకా పోలేదని మీకూ తెలుసు, అది అబద్ధం కింద లెక్కకు రాదు. పోలీసులు నిలబడ్డది మాత్రం నిజం, ఒకాయన రెండుసార్లు నిలబడ్డాడు. నేను కల్పించింది ఒక్కటే, జాల్యా ఉపన్యాసం. ఆయన మైకు ముట్టనే లేదు. టెంటూ ఎక్కలేదు. మనవరాలు పెట్టిన సగం ముద్ద చాలాసేపు నమిలి, నోరు తుడుచుకొని, ఆ పిల్లను పలకతో సహా భుజం మీద ఎక్కించుకొని నా దగ్గరికి వచ్చి, చిన్నగా ఒక్క మాట అడిగాడు.

"రాజలింగన్నా, బడి ఎప్పుడు తెరుస్తరు?"